దుబాసీ రుణం జవాను ఒక్కడిదేనా?

1817 ఫిబ్రవరిలో కర్నల్ కాలిన్ మెకంజీ తన మిత్రుడు అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు ఒక పెద్ద ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయన భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్. అంతకన్నా ముందు సైనిక ఇంజనీరు. టిప్పు సుల్తాన్‌పై సాగిన యుద్ధాల్లో పాల్గొన్నవాడు, 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నవాడు. కొలువులో గడిచిన కాలాన్ని తిరగేసుకుంటూ ఆయన దాపరికం లేకుండా ఒక సంగతి ఒప్పుకున్నాడు. 1783లో ఈ దేశానికి వచ్చింది మొదలు 1796 దాకా గడిచిన పదమూడేళ్లు తన అన్వేషణకు పెద్దగా అక్కరకు రాలేదన్నాడు. ఇక్కడి భాషలు రాకపోవడం అందుకు ఒక కారణమన్నాడు. ఒక బ్రాహ్మణ యువకుడితో పరిచయం అయ్యాకే ఈ దేశపు విద్యల్లోకి తనకు దారి దొరికిందన్నాడు. ఆ యువకుడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బోరయ్య, మెకంజీకి దుబాసీ. ఉత్తరం రాసేనాటికి బోరయ్య పోయి పద్నాలుగేళ్లు. చనిపోయినప్పుడు ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఒక సైనికాధికారి తన దుబాసీకి ఉన్న బాకీని కాగితం మీద ఒప్పుకున్న సందర్భాలు మన చరిత్రలో అరుదు. బోరయ్య మెకంజీ ప్రాణం కాపాడాడని ఎవరూ రాయలేదు. ఆయన కాపాడింది మెకంజీ పేరును. బోరయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి, వాళ్లు తర్ఫీదు ఇచ్చిన మనుషులు లేకపోతే మెకంజీ చరిత్రలో మరో సర్వే అధికారిగా మిగిలేవాడు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. కొత్త ప్రభుత్వం పేరు చెప్పి ఎవరు ఊళ్లోకి వచ్చినా కరణానికి గుండె దడే. పన్ను పెంచడానికి వచ్చారో, మాన్యాలు లెక్కగట్టి లాక్కోవడానికి వచ్చారో ఎవరికి తెలుసు? దండకవిలెలు తీసి ముందు పెట్టమంటే పెట్టేస్తారా? రాగిరేకుల మీది శాసనాలు చూపిస్తారా? అలాంటి చోట ఊరి మాట తెలిసినవాడు, మర్యాద తెలిసినవాడు, ఎవరిని ముందు పలకరించాలో తెలిసినవాడు వెళ్లి కూర్చుంటేనే కట్టలు విప్పుతారు. అలా విప్పించి రాయించినవే గ్రామ కైఫీయతులు. ఏ గుడికి ఏ రాజు ఎంత భూమి ఇచ్చాడు, ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ కాలంలో ఎవరి అధికారం నడిచింది అన్నవన్నీ కరణాల నోటి నుంచి, కవిలెల నుంచి తెలుగులోనే రాతకెక్కాయి. మెకంజీ సేకరణలో శాసనాల నకళ్లే 8,000కు పైన, నాణేలు 6,000కు పైన. తర్వాత సి.పి. బ్రౌను దొర కైఫీయతులకు ప్రతులు రాయించాడు కాబట్టి మనకు దక్కాయి. ఈ మూడు తాలూకాల గ్రామ చరిత్ర రాయాలని ఎవరు కూర్చున్నా మొదట ముట్టుకునేది వాటినే.

మెకంజీ తన వంతు రుణం తీర్చుకున్నాడనే అంటాను. ఉత్తరంలో పేరు రాశాడు. జైనుల ఆచారాల గురించి ఒక జైన గురువు దగ్గర బోరయ్య సేకరించి అనువదించిన వ్యాసం ఆసియాటిక్ రీసెర్చెస్ తొమ్మిదో సంపుటంలో బోరయ్య పేరుతోనే అచ్చయింది. 1816లో థామస్ హిక్కీ మెకంజీ చిత్రపటం గీసినప్పుడు దొర ఒంటరిగా నిలబడలేదు, తనతో పనిచేసిన ముగ్గురు భారతీయులను పక్కన నిలబెట్టుకున్నాడు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఆ చిత్రం ఇప్పటికీ ఉంది.

అసలు కథ మెకంజీ పోయాక మొదలవుతుంది. 1821లో ఆయన మరణించాడు. ఆయన సేకరణను ఈస్టిండియా కంపెనీ 10,000 పౌండ్లకు కొన్నది. ఆ రాశిలో ఏ కట్టలో ఏముందో ఎవరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి కావలి లక్ష్మయ్య. ఆ పని తాను కొనసాగిస్తానని 1830లలో ఆయన ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అది కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ ముందుకు వెళ్లింది. జేమ్స్ ప్రిన్సెప్ వంటి పండితులు కూర్చున్న చోట, కింద ఉండి పనిచేయడానికి ఈయన సరిపోతాడేమో గానీ పై నుంచి నడిపించే బుద్ధి ఒక దేశీయుడికి ఉండదన్న అర్థంలో తీర్పు వచ్చింది. ఆ బాధ్యత విలియం టేలర్ అనే పాదిరీకి దక్కింది.

అధికారి గుర్తుపెట్టుకున్నాడు, ఆ అధికారిని పంపిన సంస్థ మరిచిపోయింది. రెండు వందల ఏళ్లుగా యుద్ధం జరిగిన ప్రతిచోటా ఇదే తంతు. దుబాసీకి ఉన్న బాకీని సైనికుడి సొంత కృతజ్ఞతకు వదిలేసి, ప్రభుత్వాలు చేతులు కడుక్కుంటున్నాయి. నా అభ్యంతరం దీనిమీదే.

ఇటీవలి కాలంలో లోకమంతా విన్న ఉదాహరణ అఫ్గానిస్థాన్‌ది. 2008 ఏప్రిల్ 28న గజ్నీ రాష్ట్రంలో మాట్ జెల్లర్ అనే అమెరికా సైనికాధికారి దళం తాలిబాన్ దాడిలో చిక్కుకుంది. ఆయన ఆ దేశంలో అడుగుపెట్టి కొద్దివారాలే. ముందు నుంచి కాల్పులను ఎదుర్కొంటుంటే వెనక నుంచి ఇద్దరు సాయుధులు దగ్గరికి వచ్చేశారు. ఆ సంగతి జెల్లర్‌కు తెలియదు. చూసింది జానిస్ షిన్వారీ. దళానికి దుబాసీగా ఉన్న అఫ్గాన్. ఆయన ఇద్దరినీ కాల్చి, జెల్లర్‌ను బతికించాడు. ఆ క్షణం నుంచి షిన్వారీ పేరు తాలిబాన్ జాబితాకు ఎక్కింది.

జెల్లర్ ఇంటికి వెళ్లిపోయాడు. షిన్వారీ ఇల్లు అక్కడే ఉంది. అఫ్గాన్ సహాయకుల కోసం అమెరికా 2009లోనే ప్రత్యేక వీసా చట్టం చేసింది. అయినా షిన్వారీ ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. 2013లో చేతికి వచ్చిన వీసాను మళ్లీ రద్దు చేశారు. జెల్లర్ పత్రికల్లో, చట్టసభల్లో గొంతు చించుకుంటే, లక్షమందికి పైగా సంతకాలు పెడితే, ఆ ఏడాది అక్టోబరులో కుటుంబంతో సహా అమెరికాలో దిగాడు. అతని కొత్త కాపురానికని జెల్లర్ పోగుచేసిన విరాళాలను షిన్వారీ తీసుకోలేదు. తనలాంటి మిగతావాళ్లకు వాడమన్నాడు. ఆ డబ్బుతో ఇద్దరూ కలిసి ‘నో వన్ లెఫ్ట్ బిహైండ్’ అనే సంస్థ పెట్టారు.

చదవడానికి కడుపు నిండే కథ. నాకు మాత్రం ఇందులో భయం కనిపిస్తుంది. జెల్లర్ ఆ రోజే చనిపోయి ఉంటే షిన్వారీ తరఫున మాట్లాడేది ఎవరు? జెల్లర్‌కు పలుకుబడి, పట్టుదల లేకపోతే? కాపాడిన సైనికుడు మంచివాడు, బతికి ఉన్నవాడు, పట్టు వదలనివాడు అయితేనే దుబాసీకి దారి. ఆ మూడూ కలిసిరావడం అదృష్టం. దాన్ని వ్యవస్థ అని ఎలా అంటాం?

పలుకుబడి ఉన్నా చాలదనడానికి మరో ఉదంతం. అదే 2008 ఫిబ్రవరిలో ముగ్గురు అమెరికా సెనెటర్లు ప్రయాణిస్తున్న హెలికాప్టర్లు మంచు తుపానులో చిక్కి అఫ్గాన్ కొండల్లో దిగిపోయాయి. వాళ్లను వెతికి తీసుకురావడానికి బాగ్రామ్ నుంచి వెళ్లిన దళంలో అమాన్ ఖలీలీ అనే దుబాసీ ఉన్నాడు. ఆ ముగ్గురిలో ఒకరు జో బైడెన్. పదమూడేళ్ల తర్వాత, 2021 ఆగస్టులో కాబూల్ కూలినప్పుడు, అదే బైడెన్ అధ్యక్షుడు. అమెరికా సేనలు ఆఖరి విమానం ఎక్కినప్పుడు ఖలీలీ కాబూల్‌లోనే మిగిలిపోయాడు. పత్రిక ద్వారా అధ్యక్షుడికి మొరపెట్టుకున్నాడు. అక్టోబరులో మాజీ సైనికులు పూనుకుంటే కుటుంబంతో సరిహద్దు దాటాడు.

చట్టం ఉండి కూడా ఇలా ఎందుకవుతుంది? పనిచేసిన రుజువు కావాలి. ఆ రుజువు ఇవ్వాల్సింది దుబాసీని జీతానికి పెట్టుకున్న కాంట్రాక్టు కంపెనీ. అది మూతపడి ఉంటుంది. పై అధికారి సిఫారసు లేఖ కావాలి. ఆ అధికారి ఎప్పుడో బదిలీ అయి, పదవీ విరమణ చేసి, చిరునామా మారి ఉంటాడు. ప్రాణాపాయం ఉందని నిరూపించాలి. తొమ్మిది నెలల్లో తేల్చాలని చట్టంలో రాసుకున్నా ఏళ్లు పట్టింది. దుబాసీకి పనినిచ్చినప్పుడు ఒక్కరోజులో ఇచ్చారు. బాకీ తీర్చాల్సి వచ్చినప్పుడు పద్నాలుగు మెట్లు ఎక్కమన్నారు.

జాబితా ఉంటే సరిపోతుందనుకుంటే అదీ చాలదు. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ రక్షణ శాఖ నుంచి, ఆశ్రయం కోరిన దాదాపు 19,000 మంది అఫ్గాన్ల వివరాలున్న ఫైలు బయటికి పొక్కింది. ఆ సంగతి జనానికి తెలియకుండా కోర్టు ఉత్తర్వులు తెచ్చుకున్నారు. 2025 జూలైలో గానీ ఆ ముసుగు తొలగలేదు. ఫ్రాన్స్ మాట చెప్పాలంటే, అల్జీరియా యుద్ధంలో తన పక్షాన నిలిచిన హర్కీలను 1962లో వదిలేసి వచ్చి, అధ్యక్షుడి నోట క్షమాపణ రావడానికి 2021 దాకా పట్టింది.

ఇక మన దగ్గరికి వద్దాం. పరాయి దేశాల తప్పులు ఎంచడం తేలిక. 1987 నుంచి 1990 దాకా మన సైన్యం శ్రీలంకలో ఉంది. మన సేనలను నమ్మి, వాళ్లతో కలిసి నడిచిన తమిళులు, సేనలు వెనుదిరగగానే ఎల్‌టీటీఈ పులుల చేతికి చిక్కారు. కొందరిని ఇక్కడికి తెచ్చి, మన సరిహద్దును ఆనుకున్న ఒడిశాలోని మల్కన్‌గిరిలో ఉంచారు. వాళ్ల నాయకుల్లో ఒకరైన పద్మనాభను 1990 జూన్‌లో చెన్నైలోనే కాల్చి చంపారు. 2021 ఆగస్టు 25న మన హోంశాఖ, అప్పటికి మన దేశంలో లేని అఫ్గాన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలన్నీ చెల్లవని ఒక్క ప్రకటనతో తేల్చింది. కొన్ని పాస్‌పోర్టులు పోయాయన్నది చెప్పిన కారణం. అఫ్గానిస్థాన్‌లో మనం రోడ్లు వేశాం, సల్మా డ్యామ్ కట్టాం, పార్లమెంటు భవనం కట్టాం. ఇవేవీ అక్కడి భాష తెలిసిన అక్కడి మనుషులు లేకుండా జరిగే పనులు కావు. శరణార్థుల కోసం మనకు చట్టమే లేదు కాబట్టి వాళ్ల గతి దయాదాక్షిణ్యాల మీద పడింది.

వీటన్నిటికన్నా మనకు దగ్గరిది మావోయిస్టులతో పోరు సాగిన బస్తర్. భద్రాచలం దాటి గోదావరికి ఎగువన కొద్ది గంటల ప్రయాణం. అక్కడి అడవుల్లో కోయ, దొర్ల, మాడియా, మురియా జనం మాట్లాడే భాష ఈ డెల్టా ఊళ్ల నుంచి సీఆర్‌పీఎఫ్‌లో చేరి వెళ్లిన కుర్రాడికి తెలియదు. హిందీ వచ్చినా ప్రయోజనం తక్కువ. ఊళ్లో ముసలమ్మ చెయ్యి చూపిస్తూ ఏదో చెబుతుంది. ఆమె నీళ్ల బావి చూపిస్తోందో, కాలిబాటలో పాతిన మందుపాతర గురించి హెచ్చరిస్తోందో విడమరిచి చెప్పే మనిషి పక్కన లేకపోతే దళం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ మనిషి ఎవరు? చాలాకాలం స్పెషల్ పోలీస్ ఆఫీసరు, అంటే ఎస్‌పీవో, అన్న పేరుతో తీసుకున్న ఆదివాసీ యువకుడు.

2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం నందినీ సుందర్ కేసులో ఇచ్చిన తీర్పును ఈ కోణంలో మళ్లీ చదవాలి. ఎస్‌పీవోలు దళాలకు దారి చూపేవాళ్లుగా, ఆనవాళ్లు పట్టేవాళ్లుగా, దుబాసీలుగా పనికి వస్తున్నారని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే కోర్టుకు చెప్పుకుంది. అప్పటికి వాళ్లు 6,500 మంది. నెలకు రూ.3,000 గౌరవ వేతనం, అందులో 80 శాతం కేంద్రానిది. అంతంతమాత్రం చదువున్న పిల్లల చేతికి తుపాకీ ఇచ్చి, పూర్తికాలం పోలీసుకు దక్కే జీతం గానీ రక్షణ గానీ ఇవ్వకుండా, పోలీసుకు ఎదురయ్యే ప్రమాదమంతా నెత్తిన పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని ధర్మాసనం తేల్చింది. ఆ నియామకాలను ఆపమంది. ఇదంతా అందరికీ గుర్తున్నదే. తక్కువ మందికి గుర్తున్న ఆదేశం మరొకటి ఉంది. ఇప్పటిదాకా ఎస్‌పీవోలుగా పనిచేసినవాళ్ల ప్రాణాలకు తగిన భద్రత ప్రభుత్వమే కల్పించాలని కోర్టు అదే తీర్పులో చెప్పింది. వాడుకున్నవాళ్లే కాపాడాలి అన్న సూత్రం మన దేశంలో సర్వోన్నత న్యాయపీఠం నుంచి అంత స్పష్టంగా రావడం అరుదు, అది ఒక తెలుగు న్యాయమూర్తి ఉన్న ధర్మాసనం నుంచి రావడం మనం గర్వించదగ్గది. ఛత్తీస్‌గఢ్ ఆ తర్వాత కొత్త చట్టం చేసి వాళ్లను సహాయక దళంగా మార్చుకుంది. తుపాకీ మిగిలింది. భద్రత మాట వెనక్కిపోయింది.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం పేరిట ఊళ్లు తగలబడ్డాయి. కొందరు ఎస్‌పీవోల మీద ఘోరమైన ఆరోపణలు ఉన్నాయి. అమెరికా అఫ్గానిస్థాన్‌కు వెళ్లడమే తప్పని నమ్మేవాళ్లు ఎందరో. మెకంజీ సేకరించింది పాలించడానికి పనికొచ్చే సమాచారం కూడా. అలాంటి యుద్ధాలకు, పాలనకు సాయపడినవాడికి రుణపడి ఉండడం ఏమిటి? నేరం చేసినవాడిని విచారించాలి, దుబాసీ అయినంత మాత్రాన మినహాయింపు లేదు. అయితే యుద్ధం మంచిదా చెడ్డదా అన్న తీర్పు ఆ యుద్ధం మొదలుపెట్టినవాళ్ల మీద పడాలి. రూ.3,000 కోసం, లేదా ఊరు ఖాళీ అయి శిబిరంలో మరో దారి లేక, దళం ముందు నడిచిన పద్దెనిమిదేళ్ల కోయ కుర్రాడి మీద కాదు. దుబాసీ మాట తర్జుమా చేసినందువల్ల పేలని తుపాకులు కూడా ఉంటాయి. భాష అర్థం కాక భయపడిన జవాను వేలు ట్రిగ్గర్ మీదికి ముందు పోతుంది. మధ్యలో మాట చెప్పేవాడు ఉన్నందుకు బతికిన ఊరివాళ్లూ ఉంటారు. వాళ్ల లెక్క ఎక్కడా రాదు.

ఇప్పుడు ఇది అడగాల్సిన సమయం. 2026 మార్చి 31ని మావోయిస్టు ఉద్యమానికి ఆఖరి గడువుగా కేంద్రం ప్రకటించి మరీ నడిచింది. యుద్ధం ముగింపు జవానుకు ఊరట. బెటాలియన్ మరోచోటికి కదులుతుంది, అతను సెలవు మీద ఊరికి వస్తాడు. బాపట్లలోనో రేపల్లెలోనో రైలు దిగి ఇంటికి పోతాడు. దారి చూపినవాడికి పోవడానికి మరో ఊరు లేదు. పాత కక్షలు అక్కడే ఉంటాయి, ఎవరు ఎవరి ఇల్లు చూపించారో ఊరికి గుర్తే. కాబూల్‌లో, జాఫ్నాలో, అల్జీర్స్‌లో దుబాసీల మీద పగ తీర్చుకున్నది సేనలు వెళ్లిపోయాకే.

తెనాలి రణరంగచౌక్‌లో 1942 ఆగస్టు 12 నాటి కాల్పుల్లో చనిపోయిన ఏడుగురికి స్మారకం ఉంది. ఊరు వాళ్లను మరవకూడదనుకుంది, మరవలేదు. దేశ సరిహద్దులో నేలకొరిగిన జవానుకు ఊరేగింపు, గౌరవ వందనం, పింఛను ఉంటాయి. ఉండాలి కూడా. అతని పక్కనే నడిచి చనిపోయిన దుబాసీ ఏ రిజిస్టరులో ఉంటాడు? సొమ్ము లెక్క చూస్తే సంగతి ఇంకా స్పష్టం. తీవ్రవాదులపై చర్యలో చనిపోయిన కేంద్ర బలగాల జవాను కుటుంబానికి ఏడో వేతన సంఘం తర్వాత ఎక్స్‌గ్రేషియా రూ.35 లక్షలు, ఆపైన కుటుంబ పింఛను. నక్సల్ హింసలో చనిపోయిన పౌరుడి కుటుంబానికి కేంద్ర పథకం కింద రూ.5 లక్షలు. కొలువు కాగితం లేని దుబాసీ ఈ రెండో వరుసలోకే వస్తాడు, అదీ అతను పోలీసుల కోసం పనిచేశాడని పోలీసులు ఒప్పుకునే పని లేకుండా.

కాబట్టి అడగాల్సినవి కొన్నే. ఏ బలగమైనా స్థానికుడిని భాష కోసం, దారి కోసం వాడుకుంటే తొలిరోజే రాతపూర్వకమైన నియామకం ఉండాలి, రోజు కూలీ మీద అయినా సరే. అతని పేరు ఊళ్లో ఎవరికీ తెలియకుండా, జిల్లా జడ్జి దగ్గర సీలు వేసిన కవరులో భద్రంగా ఉండాలి. బ్రిటన్ ఫైలు నేర్పిన పాఠం అది. చనిపోతే జవాను కుటుంబానికి ఇచ్చే ఎక్స్‌గ్రేషియానే ఇవ్వాలి. బతికి ఉండి ఊళ్లో నిలవలేకపోతే పక్క రాష్ట్రంలోనైనా ఇల్లు, పని చూపాలి. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వాటా ఉంది, ఎందుకంటే బస్తర్ నుంచి పారిపోయి వచ్చిన ఆదివాసీలు తలదాచుకున్నది మన అడవుల్లోనే. విదేశాల్లో మన బలగాలకు, మన ప్రాజెక్టులకు పనిచేసినవాళ్లకు వీసా హక్కు చట్టంలో రాయాలి.

వీటికన్నా ముందు ఒక చిన్న సమాచారం కావాలి. 2005 నుంచి ఇప్పటిదాకా బస్తర్‌లో బలగాలకు దుబాసీలుగా, దారి చూపేవాళ్లుగా పనిచేసి చంపబడినవాళ్లు ఎందరు, వాళ్లలో ఎందరి కుటుంబాలకు ఏమి ఇచ్చారు? ఈ ప్రశ్నను లోక్‌సభలో బాపట్ల సభ్యుడు వేసినా, గుంటూరు సభ్యుడు వేసినా హోంశాఖ రాతపూర్వకంగా జవాబు చెప్పాల్సిందే. వచ్చే సమావేశాల్లోనే వేయించడానికి మన ప్రాంతపు మాజీ సైనికుల సంఘాలు ఒక వినతిపత్రం రాసి ఇస్తే చాలు. అడవిలో ఎవరి మాట విని ప్రాణాలతో బయటపడ్డారో ఆ సంఘాల్లోని వాళ్లకే బాగా తెలుసు.